ఇంట్లో బల్లి ఉంటే ఏం చేయాలి? పిల్లల ముందు ఏం చేయకూడదు?



తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాన వెలిసిన సాయంత్రం ట్యూబ్‌లైటు వేయగానే ఉసిళ్లు వస్తాయి. ఉసిళ్ల వెనకాలే బల్లులు వస్తాయి. హాల్లో గడియారం వెనక ఒకటి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన ఒకటి, పిల్లలు చదువుకునే టేబుల్ మీది గోడకు ఇంకొకటి కనిపిస్తాయి. అప్పుడు ఇంట్లో ఒకరు చీపురు తెస్తారు, ఇంకొకరు స్ప్రే డబ్బా తెస్తారు, పిల్లలు మంచమెక్కి కేకలు పెడతారు.

సైన్స్ పాఠంలో సరీసృపాలు రాగానే క్లాసులో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మిస్, బల్లి విషమా?" రెండోది: "మీద పడితే నిజంగా చెడు జరుగుతుందా మిస్?" ఈ రెండు ప్రశ్నలూ పిల్లలకు పుస్తకంలోంచి రావు, మన ఇళ్లలోంచి వస్తాయి. అందుకే ఈ నెల ఈ విషయాన్ని మీతోనే మాట్లాడాలనుకున్నాను. బల్లిని ఎలా పంపించాలి, ఏది వాడితే పిల్లలకు ప్రమాదం, తిండిలో పడితే ఏం చేయాలి, అన్నీ వరుసగా చూద్దాం.

మన ఇంట్లో ఉన్నది ఏ బల్లి?

మన గోడల మీద తిరిగేవి ఎక్కువగా హెమిడాక్టిలస్ అనే ప్రజాతికి చెందిన ఇంటి బల్లులు. తోకతో కలిపి కొలిచినా మీ పిల్లల పెన్సిల్ బాక్సులోని 15 సెంటీమీటర్ల స్కేలును దాటడం అరుదు. పగలు ఫోటో ఫ్రేముల వెనకా, కర్టెన్ రాడ్ల పక్కనా, బీరువా వెనకా దాక్కుంటాయి. రాత్రి దీపం దగ్గరకు వచ్చి దోమలు, రెక్కల పురుగులు, చిన్న బొద్దింకలు, సాలీళ్లను పట్టి తింటాయి. వాటికి మన అన్నంతో, మన పాలతో పని లేదు. మన దీపం దగ్గరకు వచ్చే పురుగుల కోసమే వస్తాయి.

ఆడబల్లి సాధారణంగా ఒకసారికి రెండు గుడ్లు పెడుతుంది. అవి తెల్లగా, చిన్న శనగగింజల్లా, గట్టి పెంకుతో ఉంటాయి. పండగకు అటక మీది సామాన్లు దించినప్పుడు ఆ గుడ్లో, పగిలిన పెంకులో మీకు కనిపించే ఉంటాయి. గోడ మీద నల్లగా, ఒక చివర తెల్లటి చుక్కతో ఉండే చిన్న రెట్టలు కూడా వాటివే. ఆ తెల్లటి భాగం యూరిక్ ఆమ్లం. మనకు మూత్రంలో బయటికి పోయే వ్యర్థం బల్లికి అలా గట్టిగా వస్తుంది.

ఇక "టిక్ టిక్" మనే అరుపు. ఎవరైనా మాట చెబుతుండగా బల్లి అరిస్తే పెద్దవాళ్లు "సత్యం" అని నేల మీద వేలితో కొడతారు. బల్లి మాత్రం ఆ అరుపుతో తోటి బల్లులతో మాట్లాడుకుంటుంది. ఈ గోడ నాది, నువ్వు అవతలికి పో అని చెప్పడానికి, జతను పిలవడానికి ఆ అరుపు వాడుతుంది.

బల్లి విషమా?

కాదు. మన ఇంటి బల్లికి విషగ్రంథులు లేవు. దాని చర్మంలో విషం లేదు, తోకలో లేదు, ఉమ్మిలో లేదు. ప్రపంచంలో విషం ఉన్న బల్లిజాతులు లేకపోలేదు. అమెరికా, మెక్సికో ఎడారుల్లో ఉండే గీలా మాన్‌స్టర్ అలాంటిదే. అది మన దేశంలో లేదు. చేత్తో గట్టిగా పట్టుకుంటే ఇంటి బల్లి భయంతో కరవచ్చు, కానీ అది చిటుక్కుమనే నొప్పి మాత్రమే. సబ్బుతో కడిగితే చాలు.

అలాగని బల్లి పూర్తిగా శుభ్రమైన ప్రాణి అని కూడా పిల్లలకు చెప్పకండి. బల్లులు, తాబేళ్లు, పాములు వంటి సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. అది వాటి రెట్టల ద్వారా బయటికి వస్తుంది. దానివల్ల బల్లికి జబ్బు చేయకపోయినా, మన కడుపులోకి వెళితే మనకు వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం రావచ్చు. అంటే అసలు జాగ్రత్త పడాల్సింది బల్లి విషం గురించి కాదు, బల్లి రెట్ట గురించి. ఈ తేడా పిల్లలకు తెలిస్తే భయం తగ్గుతుంది, శుభ్రత పెరుగుతుంది. భయపడే పిల్లవాడు బల్లిని చూసి పరిగెడతాడు గానీ చేతులు కడుక్కోడు. విషయం తెలిసిన పిల్లవాడు పరిగెత్తడు, చేతులు కడుక్కుంటాడు.

తిండిలో పడితే

సాంబారులోనో, పాలలోనో, ఇడ్లీ పిండిలోనో బల్లి పడిందంటే ఇల్లంతా కంగారు. అలాంటప్పుడు ఈ క్రమం గుర్తుపెట్టుకోండి.

1. ఆ వంటకం మొత్తం పారేయండి. బల్లిని తీసేసి మళ్లీ మరిగించి వాడవద్దు. మరిగిస్తే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు పడిందో, ఎంతసేపు ఉందో, ఆ గరిటె ఇంకెక్కడ పెట్టామో మనకు తెలియదు. ఒక గిన్నెడు సాంబారు పోతే మళ్లీ చేసుకోవచ్చు.

2. గిన్నె, గరిటె, స్టవ్ గట్టు సబ్బుతో, వేడినీళ్లతో కడగండి. చేతులు కనీసం 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడుక్కోండి.

3. పిల్లలు అప్పటికే తినేసి ఉంటే ముందు మీరు ప్రశాంతంగా ఉండండి. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించడం వంటివి చేయకండి. "విషం తిన్నావు" అనే మాట పిల్లల ముందు అనకండి. ఆ మాట వింటే చాలు, కడుపులో ఏమీ లేకపోయినా కొందరు పిల్లలకు వికారం, తలతిరుగుడు మొదలవుతాయి. ఒకరు వాంతి చేసుకుంటే పక్కవాళ్లకూ వస్తుంది. వాళ్లు నటించడం లేదు, భయం శరీరం మీద అలాగే పనిచేస్తుంది.

4. తర్వాత గమనించండి. సాల్మొనెల్లా సోకితే లక్షణాలు సాధారణంగా 6 గంటల నుంచి 6 రోజుల లోపు కనిపిస్తాయి. వాంతులు, విరేచనాలు, జ్వరం ఏది మొదలైనా ఓఆర్ఎస్ తాగిస్తూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మలంలో రక్తం ఉన్నా, నోరు ఎండిపోయి మూత్రం తగ్గినా, పిల్లలు మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకండి. 5 ఏళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఇంకా తొందరపడాలి. యాంటీబయాటిక్ మాత్రలు మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు వేయకండి.

వీటన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. వండిన ప్రతి గిన్నెకూ మూత పెట్టడం. పాలు చల్లారబెట్టేటప్పుడు, రాత్రి ఇడ్లీ పిండి పులియబెట్టేటప్పుడు, పిల్లల వాటర్ బాటిల్ నింపి మూత తీసి పక్కన పెట్టేటప్పుడు ఎక్కువగా మరిచిపోతాం. పొద్దున్నే హడావుడిలో లంచ్ బాక్సు కట్టి, అన్నం చల్లారాలని అలాగే తెరిచి ఉంచుతాం కదా, అప్పుడు పైన ఒక చిల్లుల పళ్లెం బోర్లించండి. ఆవిరి పోతుంది, పైనుంచి ఏదీ పడదు.

మీద పడితే

ఇది కొంచెం సున్నితమైన విషయం. మన పంచాంగాల్లో బల్లి పతన శాస్త్రం ఉంటుంది. ఏ భాగం మీద పడితే ఏ ఫలమో అందులో రాసి ఉంటుంది. మన జిల్లాల నుంచి చాలా కుటుంబాలు కాంచీపురం వెళ్లి వరదరాజ పెరుమాళ్ ఆలయంలో పైకప్పుకు ఉన్న బంగారు, వెండి బల్లులను తాకి వస్తాయి. అక్కడ ప్రచారంలో ఉన్న కథ ప్రకారం గౌతమ మహర్షి శిష్యులు ఇద్దరు తెచ్చిన నీటిపాత్రలో బల్లులు పడ్డాయి. వాళ్లు చూసుకోలేదు. మహర్షి శాపంతో వాళ్లే బల్లులయ్యారు. తర్వాత శాపవిమోచనం కలిగింది. కథను మీరు ఎలా తీసుకున్నా, నీటికి మూత పెట్టాలనే మాట అందులోనూ ఉంది.

మీ ఇంటి ఆచారాన్ని మానమని నేను అనడం లేదు. బల్లి పడితే తలస్నానం చేయించి, దీపం పెట్టి దండం పెట్టించడం మీ పద్ధతి అయితే అలాగే చేయించండి. స్నానం శుభ్రతకు మంచిదే. కానీ ఒక్క మాట మాత్రం దయచేసి ఆలోచించండి. పరీక్షకు బయల్దేరుతున్న పిల్ల భుజం మీద బల్లి పడిందనుకోండి. నానమ్మ గారు పంచాంగం తీశారు. ఏదో చెడు ఫలం అని చదివారు. ఆ పిల్ల స్కూలుకు ఏం మోసుకెళుతుంది? ఏడాది చదివిన పాఠాలను కాదు, ఆ ఒక్క వాక్యాన్ని మోసుకెళుతుంది. పేపరులో మొదటి ప్రశ్న కష్టంగా ఉంటే "అందుకే" అనుకుంటుంది. రాయగలిగిన రెండో ప్రశ్న కూడా తప్పుతుంది. చివరికి మార్కులు తగ్గితే బల్లి శాస్త్రం నిజమైందని ఇంట్లో అందరూ అనుకుంటారు.

బల్లి ఎందుకు పడుతుందో చెప్పండి. పురుగు మీదికి దూకి పట్టు తప్పుతుంది. రెండు బల్లులు పోట్లాడుకుంటే ఒకటి జారుతుంది. తలుపు గట్టిగా వేస్తే మూలలో దాక్కున్నది అదిరి పడుతుంది. కింద ఎవరున్నారో దానికి తెలియదు. "పాపం, జారిపడింది. నీకేం దెబ్బ తగల్లేదు కదా? భుజం కడుక్కుని రా, టైమవుతోంది" అంటే చాలు. పెద్దవాళ్లకు తృప్తి కలగడానికి ఒక నమస్కారం పెట్టించండి. చెడు ఫలం మాత్రం పిల్లల చెవిన వేయకండి.

చంపడానికి వాడేవాటితో ఎవరికి ప్రమాదం?

బల్లిని చూడగానే మనం వాడేవి ఎక్కువగా ఇవే.

బొద్దింకలు, దోమల స్ప్రే: ఇవి పురుగుల మందులు. మూసిన గదిలో గోడ మీద కొడితే సగం మందు గాలిలో, మంచం మీద, పిల్లల పుస్తకాల మీద పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు, ఆయాసం పెరగవచ్చు. బల్లి వెంటనే చావదు. బీరువా వెనక్కి పోయి చచ్చి, రెండు రోజుల తర్వాత వాసన వస్తుంది.

కలరా ఉండలు: బాత్‌రూముల్లో, అల్మారాల్లో, వంటగట్టు మూలల్లో వేస్తుంటారు. వీటిలో ఎక్కువగా ఉండేది నాఫ్తలీన్. తెల్లగా, గుండ్రంగా పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఈ లోపం ఉన్నట్టు చాలామందికి పరీక్ష చేయించేదాకా తెలియదు. పసిపిల్లలున్న ఇంట్లో, వాళ్ల బట్టల మధ్య అసలు వేయకండి. పిల్లలు మింగారని అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.

జిగురు అట్టలు: ఎలుకల కోసం అమ్మేవి బల్లులకూ పెడతారు. అంటుకున్న బల్లి గంటల తరబడి కొట్టుకుంటుంది. దాన్ని చూస్తూ పిల్లలు టిఫిన్ తింటారు. బాధలో ఉన్న ప్రాణిని చూసి పట్టించుకోకపోవడం కూడా మనం నేర్పే పాఠమే అవుతుంది.

చీపురు దెబ్బ: దెబ్బ తగిలేలోగా బల్లి తోక వదిలేసి పారిపోతుంది. తెగిన తోక కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది. పిల్లి లాంటి శత్రువు ఆ తోకను చూస్తుంటే బల్లి తప్పించుకుంటుంది. తర్వాత కొత్త తోక మొలుస్తుంది. అందులో మొదటి తోకలోలాగా ఎముకలు ఉండవు, మృదులాస్థి ఉంటుంది. తోకలో కొవ్వు నిల్వ ఉంటుంది కాబట్టి తోక పోవడం బల్లికి నష్టమే. మన గోడ మీద మాత్రం మరక ఒక్కటే మిగులుతుంది.

గుడ్డు పెంకులు, నెమలి ఈకలు, వెల్లుల్లి: వీటితో పిల్లలకు హాని లేదు. కానీ దీపమూ పురుగులూ అక్కడే ఉన్నంతకాలం వీటిని నమ్ముకుని కూర్చుంటే పని జరగదు.

రాకుండా ఉండాలంటే

బల్లి మన ఇంట్లో ఉండటానికి మూడే కారణాలు: తిండి, దాక్కునే చోటు, లోపలికి దారి. ఈ మూడూ తగ్గిస్తే బల్లులు వాటంతటవే తగ్గుతాయి.

దీపాలు: సాయంత్రం 6 నుంచి 8 దాకా గుమ్మం దగ్గర, బాల్కనీలో అవసరం లేని లైట్లు ఆర్పేయండి. తెల్లటి ఎల్ఈడీ బల్బులకంటే పసుపు రంగు వెలుగు ఇచ్చేవాటికి పురుగులు తక్కువగా వస్తాయి. ఉసిళ్లు వచ్చే సాయంత్రం కిటికీలు మూసి, ఒక అరగంట లోపలి లైట్లు కూడా తగ్గించండి. ఉసిళ్లను ఏరి, వేయించి తినేవాళ్లని మన పల్లెల్లో తాతలు చెబుతారు. ఆ ముచ్చట చెప్పించుకోవడానికి ఆ అరగంట సరిపోతుంది.

దారులు: కిటికీలకు దోమతెర, తలుపు కింద రబ్బరు పట్టీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు జాలీ బిగించండి. ఏసీ పైపు గోడలోంచి వచ్చే రంధ్రం చుట్టూ ఖాళీని సిమెంటుతోనో పుట్టీతోనో మూయించండి. స్విచ్ బోర్డుల్లో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లలో బల్లి దూరి షార్ట్ సర్క్యూట్ కావడం మామూలే. బోర్డులోంచి బల్లి తోక కనిపిస్తోందని స్క్రూడ్రైవర్‌తోనో పుల్లతోనో పొడవకండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

దాక్కునే చోట్లు: ఫోటో ఫ్రేముల వెనక, అటక మీది అట్టపెట్టెల్లో, పాత నోటుబుక్కుల కట్టల్లో అవి కాపురం పెడతాయి. నెలకోసారి కదిలించి దులపండి. దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తర్వాత చేతులు కడుక్కోండి. ఎండిన రెట్టల్ని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి.

వంటగది: రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగేసి, చెత్తబుట్టకు మూత పెడితే బొద్దింకలు తగ్గుతాయి. బొద్దింకలు తగ్గితే బల్లికి అక్కడ పని తగ్గుతుంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. బల్లి దోమల్ని తింటుంది కాబట్టి డెంగీ భయం లేదని అనుకోకండి. డెంగీ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది, బల్లి రాత్రి వేటాడుతుంది. డెంగీ దోమను ఆపేది కూలర్‌లో, పూలకుండీల కింది పళ్లేలలో, డాబా మీది డ్రమ్ముల్లో నిలిచిన నీటిని వారానికోసారి పారబోసి ఆరబెట్టడమే. ఆ పని బల్లి చేయదు, మనం చేయాలి.

బయటికి పంపాలంటే

వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పాత క్యాలెండర్ అట్ట ఒకటి తీసుకోండి. బల్లి గోడ మీద కదలకుండా ఉన్నప్పుడు డబ్బాను నెమ్మదిగా దాని మీద బోర్లించండి. గోడకూ డబ్బాకూ మధ్యలోంచి అట్టను మెల్లగా జరపండి. తోక ఇరుక్కోకుండా చూడండి. అట్టతో మూసి పట్టుకుని వెళ్లి కాంపౌండ్ గోడ దగ్గరో చెట్టు దగ్గరో వదిలేయండి. సాయంత్రం వదిలితే మంచిది, పగటి ఎండలో కాకులకు చిక్కుతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పదేళ్లు దాటిన పిల్లలైతే అట్ట పట్టుకునే పని వాళ్లకివ్వండి. ఒకసారి ఆ పని చేసిన పిల్లలకు మళ్లీ మంచమెక్కి అరిచే అవసరం రాదు.

బెడ్‌రూమ్‌లోంచి, వంటింట్లోంచి పంపేయండి. వరండాలోనో డాబా మెట్ల దగ్గరో ఉంటే ఉండనివ్వండి. అక్కడ దానివల్ల మీకు నష్టం లేదు.

మన కొండల్లో దాని చుట్టం

ఇంటి బల్లిని చూసి ముఖం చిట్లించే పిల్లలకు చెప్పడానికి మనవాళ్ల దగ్గర ఒక గొప్ప విషయం ఉంది. బంగారు బల్లి మన తిరుపతి కొండలదే. శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడెస్ ఆరియస్. 1870లో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి దీన్ని తొలిసారి శాస్త్రలోకానికి వివరించాడు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖలో పనిచేసేవాడు. ఆయనకు ఆ బల్లి దొరికింది తిరుపతి కొండల్లోనే. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత చాలాకాలం దాని జాడ గురించి పెద్దగా తెలియలేదు. 1980లలో ఈ కొండల్లోనే మళ్లీ గుర్తించారు. తర్వాత తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల కూడా కనిపించింది. దీనికి దగ్గరి చుట్టం ఇంకొక్కటే ఉంది, అది శ్రీలంకలో ఉంటుంది.

బంగారు బల్లి ఇళ్లలోకి వచ్చేది కాదు. లోయల్లో, వాగుల పక్కన, చల్లటి చీకటి రాతి పగుళ్లలో ఉంటుంది. జతకట్టే కాలంలో మగదాని ఒంటికి మంచి పసుపు రంగు వస్తుంది. గుడ్లను రాతికి అతికిస్తుంది. చాలా బల్లులు ఒకేచోట గుడ్లు పెడతాయి. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అక్కడి ఎర్రచందనం గురించి మన పిల్లలందరికీ తెలుసు, ఈ బల్లి గురించి కొందరికే తెలుసు.

బంగారు బల్లికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. "ఫలానా రకం బల్లికి లక్షల రూపాయలు ఇస్తారు" అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలను పిల్లలు చూస్తుంటారు. అవి మోసమనీ, అలాంటి వ్యాపారం చేసినవాళ్లు జైలుకు వెళతారనీ చెప్పండి. మెట్లదారిలో తిరుమలకు నడిచి వెళ్లినప్పుడు రాళ్ల సందుల్లో చేయి పెట్టనివ్వకండి. ఆ సందుల్లో పాములు, తేళ్లు కూడా ఉండవచ్చు.

పిల్లలు అడిగితే చెప్పడానికి

"గోడ మీంచి ఎందుకు పడిపోదు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కాళ్లలో జిగురు ఉందనో, గాలి పీల్చి అంటుకుంటుందనో మనం చెప్పేస్తాం. రెండూ నిజం కాదు. బల్లి వేళ్ల కింద కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక చివర మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. ఆ పాయలు గోడకు ఎంత దగ్గరగా ఆనుతాయంటే, గోడలోని అణువులకూ పాదంలోని అణువులకూ మధ్య సన్నని ఆకర్షణ పుడుతుంది. దాన్ని వాన్ డర్ వాల్స్ బలం అంటారు. ఒక్క వెంట్రుక బలం కొంచెమే. లక్షలు కలిస్తే బల్లి బరువును తలకిందులుగా మోస్తాయి. 2000లో కెల్లర్ ఆటమ్ బృందం ఒక్కో వెంట్రుక బలాన్ని కొలిచి నేచర్ పత్రికలో ప్రచురించింది. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో మీ పెద్దబ్బాయి చదివే వాన్ డర్ వాల్స్ బలం, మీ చిన్నమ్మాయి గోడ మీద చూసే బల్లి, రెండూ ఒకే పాఠం.

"కళ్లు ఎందుకు నాక్కుంటుంది?" అన్నది ఇంకో ప్రశ్న. మన ఇంటి బల్లికి కదిలే కనురెప్పలు లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఉంటుంది. దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది.

సమాధానం తెలియని ప్రశ్న వస్తే "మీ మిస్‌ను అడుగు" అని పంపండి. మాకు సంతోషమే.

ఈ నెల ఇంటి యాక్టివిటీ (3 నుంచి 8 తరగతులు)

వారం రోజులపాటు రాత్రి 7 గంటల నుంచి 7.30 దాకా పిల్లలు వరండాలోనో హాల్లోనో ఒక గోడను గమనించాలి. ముట్టుకోకూడదు, అదిలించకూడదు. నోటుబుక్కులో ఐదు గళ్లు గీసి రాయాలి: తేదీ, టైము, లైటు వెలుగుతోందా లేదా, ఎన్ని బల్లులు వచ్చాయి, ఏం తిన్నాయి. నాలుగో రోజు ఆ లైటు ఆర్పేసి, వేరే గదిలో లైటు వేసి తేడా చూడాలి. బల్లులు ఎటు వెళ్లాయో రాయాలి. ఎందుకు వెళ్లాయో పిల్లలనే ఆలోచించి ఒక వాక్యం రాయమనండి. మీరు చెప్పకండి. ఇంగ్లీషులో రాస్తారో తెలుగులో రాస్తారో వాళ్ల ఇష్టం.

ఇందుకు ఖర్చు లేదు, ఛార్టు కొనక్కర్లేదు, ఇంటర్నెట్‌లో బొమ్మ ప్రింటు తీయక్కర్లేదు. సొంత కళ్లతో చూసింది రాస్తే చాలు. మీరు చేయాల్సింది ఒక్కటే, ఆ అరగంట వాళ్ల పక్కన కూర్చోవడం, బల్లి కదిలినప్పుడు మీరు కేక పెట్టకపోవడం. బల్లికి భయపడాలా వద్దా అన్నది పిల్లలు బల్లిని చూసి తేల్చుకోరు. ముందు మన ముఖం చూస్తారు.

నోటుబుక్కు పేజీని వచ్చే పేరెంట్-టీచర్ మీటింగుకు తీసుకురండి. గోడ మీద ఎవరింట్లో ఏం కనిపించిందో అందరం కలిసి చూద్దాం.